గోగుపూవు, మృదంగం, ఒక పాత సన్నదు

‘పరిశోధన’ అన్న పదాన్ని విడదీసి చూస్తే అందులో ఉన్న ధాతువు ‘శుధ్’. శుద్ధి, శుద్ధము, శోధన, సంశోధన అన్నీ దాని పిల్లలే. ‘పరి’ అనగా చుట్టూ, అన్ని వైపులా. అన్ని వైపులనుంచీ శుభ్రపరచడం పరిశోధన. తాళపత్రాలలోని పాఠాలను సరిపోల్చి, లేఖకుల తప్పులను తొలగించి, శుద్ధప్రతిని సిద్ధం చేసే పనిని మా గురువులు పరిశోధన అనేవారు. లేనిదానిని కనిపెట్టడం కంటే, ఉన్నదానిమీద పేరుకున్న మాలిన్యాన్ని తుడవడం అన్న అర్థమే ఈ మాటకు దగ్గర.

ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. మన విశ్వవిద్యాలయాల గురించి పెద్దలూ పిన్నలూ తరచుగా అనే మాట ఒకటి నా చెవిన పడుతూ ఉంటుంది: “అక్కడ పరిశోధన ఏముందండీ, పట్టాకోసం వ్రాసే లావుపాటి పుస్తకాలు తప్ప!” ఇంకొందరు సగం మినహాయింపు ఇస్తారు. రసాయనశాస్త్రంలో పరిశోధన ఉండవచ్చునట. సంగీతంలో, న్యాయశాస్త్రంలో ఏముంటుంది, పాడేవాడు పాడతాడు, వాదించేవాడు వాదిస్తాడు అంటారు. ఈ రెండు మాటలకూ సమాధానంగా నాలుగు కథలు చెప్పదలచాను. ఒకటి సంగీతానిది, ఒకటి రసాయనానిది, ఒకటి న్యాయానిది, ఒకటి ఆహారానిది. నాలుగూ మన దేశంలో జరిగినవే. నాలుగింటిలోనూ ఎక్కడో ఒకచోట తెలుగు నేల తగులుతుంది. నేను తెలుగు పండితుడిని, శాస్త్రవేత్తను కాను. కనుక సూత్రాల జోలికి పోకుండా, కథ అర్థమయ్యేందుకు కావలసినంత శాస్త్రమే చెబుతాను.

పరీక్షలు పెట్టే సంస్థలు

ముందుగా కొంచెం పూర్వరంగం. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టినప్పుడు వాటికి పాఠం చెప్పే పని లేదు. కళాశాలలు పాఠాలు చెప్పేవి. విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది. అంటే అది ఒక పెద్ద పరీక్షల కచేరీ. 1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టం తరువాతనే, సొంతంగా ఆచార్యులను నియమించుకొని బోధన, పరిశోధన జరిపించే అవకాశం వాటికి స్పష్టంగా కలిగింది.

అవకాశం కలిగింది కాని ధనం ఎక్కడిది? కలకత్తాలో ఆ ధనం న్యాయవాదులనుంచి వచ్చింది. అక్కడ ఉపాధ్యక్షుడుగా ఉన్న సర్ ఆశుతోష్ ముఖర్జీ హైకోర్టు న్యాయమూర్తి, గణితంలోనూ దిట్ట. ఆయన పూనికను చూచి తారక్‌నాథ్ పాలిత్, రాస్ బిహారీ ఘోష్ అనే ఇద్దరు న్యాయవాదులు తమ జీవితకాలపు సంపాదనను విజ్ఞానశాస్త్ర కళాశాలకు ధారపోశారు. అంతకు చాలా ముందే, 1868లో, ప్రసన్నకుమార్ టాగూరు ఇచ్చిన ధనంతో న్యాయశాస్త్ర ఉపన్యాసాలు ఏర్పడ్డాయి. వకీలు ఫీజు భౌతికశాస్త్రానికి జీతమయింది. శాస్త్రాలమధ్య గోడలు మనం అనుకున్నంత ఎత్తు కావు అనడానికి ఇది మొదటి నిదర్శనం.

మృదంగం చెప్పిన గణితం

ఆ పాలిత్ ఆచార్య పదవిని 1917లో స్వీకరించినవారు చంద్రశేఖర వేంకట రామన్. ఆయన పుట్టుక తిరుచిరాపల్లి. బాల్యం మాత్రం విశాఖపట్నం. తండ్రి చంద్రశేఖర అయ్యరు గారు అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రాలు బోధించేవారు. ఆయనకు సంగీతమంటే ప్రాణం, వాద్యం వాయించేవారు. రామన్ పదకొండేళ్ళ వయసులో మెట్రిక్యులేషను పూర్తిచేసినది కూడా విశాఖలోనే. గణితం, సంగీతం ఒకే ఇంట్లో వింటూ పెరిగిన పిల్లవాడన్నమాట.

రామన్ అనగానే 1928, కాంతి పరిక్షేపణం, 1930 నోబెల్ బహుమానం స్ఫురిస్తాయి. అంతకు ముందు ఆయన చాలా ఏళ్ళు ధ్వని మీద పనిచేశారన్నది తక్కువమంది తలచుకుంటారు. ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగం చేస్తూనే, 1909లో ఏకతార అనే బిచ్చగాళ్ళ వాద్యం గురించి ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో మన చర్మవాద్యాల గురించి వ్రాశారు. 1921లో తంబుర, వీణల గురించి, 1930ల నడుమ మరల మృదంగాది వాద్యాల గురించి సవిస్తరంగా వ్రాశారు.

ఇందులో పరిశోధన ఏమిటి? తీగను మీటితే ప్రధాన స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు అయిన ఉపస్వరాలు సన్నగా పలుకుతాయి. ఇవి సరి నిష్పత్తులలో ఉండడంచేతనే తీగనాదం మనకు ఇంపుగా ఉంటుంది. బిగించిన చర్మం సంగతి అలా కాదు. గుండ్రని చర్మంపై కొడితే పుట్టే ఉపస్వరాలు ఒకదానికొకటి పొసగని నిష్పత్తులలో ఉంటాయి. అందుకే పాశ్చాత్యుల డోలులో చాలావాటికి చప్పుడే కాని స్పష్టమైన శ్రుతి ఉండదు. చర్మం నుంచి శ్రుతి రాబట్టడం సాధ్యం కాదన్నది అప్పటి ధ్వనిశాస్త్ర గ్రంథాల భావన.

కాని మృదంగాన్ని శ్రుతి చేస్తారు! ఏ కచేరీలోనయినా గాయకుడు తంబుర సరిచూసుకుంటుంటే, ప్రక్కన మృదంగ విద్వాంసుడు చిన్న రాయితో చర్మం అంచును తట్టుతూ షడ్జానికి కలుపుకుంటూ ఉంటాడు. గ్రంథం కుదరదన్నదానిని మన వాద్యకారుడు రోజూ చేస్తున్నాడు. రామన్ ప్రశ్న ఇక్కడ పుట్టింది. గ్రంథం తప్పా, చెవి తప్పా?

కుడివైపు చర్మం నడుమ నల్లగా కనిపించే పూత ఉన్నదే, జవాబు అందులో ఉంది. ఇనుప ధాతువు గల రాతిని మెత్తగా పొడిచేసి, అన్నంతో కలిపి, పలుచటి పొరలుగా ఒకదానిపై ఒకటి ఎక్కించి, నునుపురాయితో రుద్ది ఆరబెడతారు. దీనివలన చర్మం నడుమ బరువు పెరుగుతుంది, అంచులవైపు తగ్గుతుంది. ఈ బరువు పంపకం ఉపస్వరాలను వాటి అడ్డదిడ్డపు స్థానాలనుంచి జరిపి, సరి నిష్పత్తులలోకి తెస్తుంది. చర్మం కంపించే తొమ్మిది రీతులు ఐదు స్వరాలుగా జట్టుకట్టి, ఆ ఐదూ ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అన్న వరుసలో నిలుస్తాయని రామన్ చూపించారు. చర్మంమీద సన్నని ఇసుక చల్లి, ఏ తట్టుకు ఏ గీతమీద ఇసుక పోగవుతుందో చూచి, కంపనాల ఆకృతులను పట్టుకున్నారు.

తంబుర విషయంలోనూ ఇంతే. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు కదలకుండా ఉండవలసిన ఉపస్వరాలు వినబడరాదని యూరోపియన్ సూత్రం. తంబురలో అవి చక్కగా వినబడతాయి. కారణం, తీగ ఆనే బ్రిడ్జి కత్తివాదరలా కాక, వెడల్పుగా వంపు తేరి ఉండడం. తీగ క్రింద చొప్పించే సన్నని నూలుపోగు, మనం జీవ అనేది. ఆ పోగు పేరు పెట్టినవాడెవడోగాని, దాని పని తెలిసి పెట్టాడు.

ఈ కథలో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. రామన్ మృదంగాన్ని చేసినవాడి తెలివిని తక్కువ చేయలేదు. మన పూర్వులకు అన్నీ తెలుసునని జయధ్వానాలూ చేయలేదు. మృదంగం చేసినవానికి ఫలితం తెలుసు, కారణం తెలియదు. గ్రంథకర్తకు కారణాలు తెలుసు, ఈ ఫలితం తెలియదు. రెండింటినీ ఒకచోట చేర్చడమే ఆచార్యుడు చేసిన పని.

గోగుపూవులో ప్రస్తారం

ఇక వాల్తేరుకు వద్దాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో ఆరంభమై, 1930లో వాల్తేరు చేరింది. తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ప్రభుత్వ దమననీతికి నిరసనగా వారు 1930లో పదవి వదలుకొన్నారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ గారు ఏటా లక్ష రూపాయల విరాళంతో శాస్త్ర సాంకేతిక కళాశాలను నిలబెట్టారు. ఆయన స్వయంగా కవి, సాహిత్యపోషకుడు. కలకత్తాలో వకీళ్ళ డబ్బు భౌతికశాస్త్రానికి వెళ్ళినట్లే, ఇక్కడ కవి డబ్బు రసాయనశాస్త్రానికి వెళ్ళింది.

1933లో ఆ రసాయనశాఖకు వచ్చినవారు తిరువేంకట రాజేంద్ర శేషాద్రి. 1900లో కుళిత్తలైలో జననం. ఇంగ్లండులో మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి 1929లో డాక్టరేటు పొందారు. వాల్తేరులో ఆయనకు దొరికినవి ఖరీదైన యంత్రాలు కావు. పొలం గట్టున పూచే పూలు దొరికాయి. ప్రత్తిపూలు, గోగుపూలు, కానుగగింజలు.

పూవుకు పసుపురంగు ఎందువల్ల వస్తుంది? ఎండబెట్టిన రేకులను సారాయి ద్రవంలో మరగించి, రంగును దించి, ఇగిరించి, స్ఫటికాలుగా పేరబెడతారు. రంగుపదార్థం సాధారణంగా ఒక చక్కెరతో జతకట్టి ఉంటుంది. ఆమ్లంతో ఆ జతను విడగొట్టి, మిగిలినదానిని తునకలు చేసి, తునకలనుబట్టి మొత్తం నిర్మాణం ఇదని ఊహించి, చివరకు ఆ పదార్థాన్నే ప్రయోగశాలలో తయారుచేసి, పూలనుంచి తీసినదానితో సరిపోల్చాలి. రెండూ ఒకే వేడికి కరిగితే ఊహ నిజం. ఇది ప్రతులు పోల్చి పాఠం నిర్ణయించే పనికి ఎంత దగ్గరో చూడండి!

ఇంగ్లండులో ఎ.జి. పెర్కిన్ అంతకు ముందే ప్రత్తిపూల రంగులమీద పనిచేసి ఉన్నారు. వాల్తేరు పరిశోధకులు మన ప్రత్తి జాతులను, వాటి బంధువులైన గోగు జాతులను ఒక్కొక్కటిగా తీసుకున్నారు. నార గోగుపూలలో కన్నాబిస్సిట్రిన్‌ను, పుల్లగోగుపూలలో హైబిస్సిట్రిన్‌ను వేరుచేశారు. వీటి మూలద్రవ్యాలను వరుసగా పేరిస్తే ఒక అందం కనబడుతుంది. ఒకే అస్థిపంజరం. దానిమీద ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు హెర్బసెటిన్‌లో 5, గాసిపెటిన్‌లో 6, హైబిస్సెటిన్‌లో 7. ఛందస్సు చదివినవారికి ఇది వెంటనే ప్రస్తారంలా తోస్తుంది. పాదం అదే, గురువులు పడే చోట్లు మారుతున్నాయి. మొక్క ఒకదానినుంచి ఇంకొకదానిని ఎలా తయారుచేసుకుంటుందో ఈ వరుసనుబట్టి ఊహించడం శేషాద్రి గారి జీవితకాలపు కృషిలో పెద్ద భాగం. కానుగగింజలనుంచి రంగస్వామితో కలిసి పాంగమాల్ అనే పదార్థాన్ని తీసినది కూడా వాల్తేరులోనే. మన వాళ్ళు కానుగనూనెను దీపానికీ చర్మరోగాలకూ వాడుతూనే ఉన్నారు. అందులో ఏమున్నదో ఇలా తెలియవచ్చింది.

ఈ పని ఎటువంటి కాలంలో జరిగిందో కూడా చెప్పాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. గాజుగొట్టాలు, సీసాలు, తూనికలు బండ్లకెక్కాయి. ఆ యుద్ధ సంవత్సరాల వ్యాసాలపై చిరునామా ‘ఆంధ్ర విశ్వవిద్యాలయం, గుంటూరు’ అని ఉంటుంది. గోగుపూలకు గుంటూరులో కరవు లేదు గదా! శేషాద్రి గారు 1949లో ఢిల్లీకి వెళ్ళారు. 1960లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. ఆయనను ఇంకొకసారి ఈ వ్యాసంలోనే కలుసుకుంటాం.

జాగీరు అంటే ఏమిటి?

మూడవ కథ న్యాయశాస్త్రానిది. 1951లో మద్రాసు విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయం బోధించడానికి చార్లెస్ హెన్రీ అలెగ్జాండ్రోవిచ్ వచ్చారు. పోలిష్ మూలాలు కలవాడు. 1902లో ల్వోవ్ నగరంలో పుట్టాడు. ఆ నగరం ఆయన జీవితకాలంలోనే ఎన్ని రాజ్యాల చేతులు మారిందో! రాజ్యాలు పుట్టడం, పోవడం, మరల గుర్తింపు పొందడం అనేవి ఆయనకు పుస్తకంలోని విషయాలు కావు. 1961 వరకు మద్రాసులో ఉన్నారు. అంతర్జాతీయ వ్యవహారాలమీద ఒక వార్షిక సంచికను నెలకొల్పారు.

అప్పటివరకు పాఠ్యగ్రంథాలు చెబుతున్నది ఇది: దేశాలమధ్య న్యాయమనేది యూరపులో పుట్టినది, ఆసియా రాజ్యాలు పందొమ్మిదవ శతాబ్దంలో, యూరపువారు లోనికి రానిచ్చిన తరువాత, అందులో సభ్యత్వం పొందాయి. మద్రాసులో కూర్చుని అలెగ్జాండ్రోవిచ్ పాత ఒడంబడికలు తీశారు. పోర్చుగీసు, డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీలు మన రాజులతో, నవాబులతో, మరాఠాలతో చేసుకున్నవి. వాటిలో యూరపువారు రాజుకు రాజుగా మాట్లాడుతున్నారు, రాయబారులను పంపుతున్నారు, ప్రమాణాలు చేస్తున్నారు. 1609లో గ్రోషియస్ అనే డచ్చి న్యాయవేత్త సముద్రం ఎవరి సొత్తూ కాదని వాదించినప్పుడు, తూర్పు దేశాలకు తమ రాజులు, తమ న్యాయాలు ఉన్నవన్నది ఆయన వాదంలోని ఒక మెట్టు. కనుక ఆసియా రాజ్యాలు కొత్తగా లోనికి రాలేదు. ముందునుంచీ ఉన్నవారినే పందొమ్మిదవ శతాబ్దపు పండితులు బయటికి నెట్టారు. ఈ వాదాన్ని ఆయన 1967లో గ్రంథరూపంలో ప్రకటించారు. అన్నీ సమానుల ఒప్పందాలేనా, కంపెనీ ఫిరంగుల నీడ వాటిమీద లేదా అని తరువాతివారు ఆక్షేపించారు. ఆక్షేపణలో బలముంది. అయినా ఆ ఒడంబడికలను చదవకుండా చరిత్ర వ్రాయడం మాత్రం ఆయన తరువాత సాధ్యం కాలేదు.

తెలుగువారికి ఈ వాదం కొత్తగా తోచనక్కరలేదు. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన మోటుపల్లి అభయశాసనం మనకుంది. గాలివానకు కొట్టుకువచ్చి ఒడ్డున పడిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు. ఇకమీద సుంకం తప్ప మరేమీ తీసుకోము అని పరదేశ వర్తకులకు ఇచ్చిన మాట అది. సముద్రంమీది న్యాయం గురించి ఒక తెలుగు రేవులో రాతిమీద చెక్కిన మాట.

ఈ విద్య కేవలం గ్రంథాలయానిది కాదనడానికి అదే కాలంలో ఒక వ్యాజ్యం నడిచింది. దాద్రా, నగర్ హవేలీలు 1954లో పోర్చుగీసువారి చేయి జారాయి. తమ మనుషులు భారత భూమిమీదుగా అక్కడికి వెళ్ళే హక్కు తమకున్నదని పోర్చుగల్ 1955లో హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కింది. ఆధారం, 1779లో మరాఠాలతో చేసుకున్న ఒడంబడిక, దానిననుసరించి 1783, 1785లలో ఇచ్చిన సన్నదులు. 1960 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. పద్ధెనిమిదవ శతాబ్దపు ఒడంబడికను ఇప్పటి కొలతలతో కొలిచి చెల్లదనరాదని న్యాయస్థానం భావించింది. మరాఠా రాజ్యం ఒడంబడిక చేయదగిన రాజ్యమేనన్నమాట. కాని సన్నదులలో ఇచ్చినదేమిటి? అక్కడ ఉన్న మాటలు ‘జాగీరు’, ‘సరంజాము’. అంటే ఏటా 12,000 రూపాయల శిస్తు అనుభవించే హక్కే కాని, రాజ్యాధికారం కాదు. పౌరులకు, సరుకులకు దారి హక్కు ఉంది, సాయుధబలాలకు లేదు, భారతదేశం తన బాధ్యతకు విరుద్ధంగా ప్రవర్తించలేదు అని తేల్చారు.

మన కరణాల దస్త్రాలలో నలిగిన రెండు మాటల అర్థంమీద ఒక అంతర్జాతీయ వ్యాజ్యం ఆధారపడిందని తెలిసినప్పుడు, భాషాపండితుడినైన నాకు కలిగిన ఆనందం చెప్పలేను. కైఫీయతుల భాషను, దస్త్రాల భాషను మోటుభాష అని వెక్కిరించేవారు ఈ తీర్పును ఒకసారి చదవాలి.

కంచంలో ప్రశ్న

నాలుగవది అన్నింటికంటె మనకు దగ్గరిది, అన్నం. ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథను ఇప్పటికే ఎందరో చక్కగా వ్రాశారు కనుక దానిని ఇక్కడ ముట్టను.

1918లో కూనూరులో రాబర్ట్ మక్కారిసన్ ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధి మీద విచారణ మొదలుపెట్టారు. అదే పెరిగి పోషకాహార పరిశోధనశాలగా మారి, 1958లో హైదరాబాదుకు వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రక్కన తార్నాకలో స్థిరపడింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు వచ్చింది.

అక్కడికి వచ్చిన వైద్యులకు దక్కనులో ఒక చిక్కుముడి ఎదురయింది. పెల్లాగ్రా అనే వ్యాధి ఉంది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొట్టులేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చెదురుతుంది. ఇది మొక్కజొన్న తప్ప మరేమీ దొరకని బీదల వ్యాధి అని పాశ్చాత్యులకు తెలుసు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎల్వియెం 1937లో దీనికి మందు నికోటినిక్ ఆమ్లమనే విటమిను అని చూపించారు. మొక్కజొన్నలో ఆ విటమిను ఒంటికి పట్టే రూపంలో లేదు. దానిని ఒంట్లో తయారుచేసుకోవడానికి కావలసిన ట్రిప్టోఫాన్ కూడా తక్కువ. సరే. కాని దక్కనులో ఈ వ్యాధి వచ్చేది జొన్న తినేవారికి. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువేమీ కాదు!

సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో ‘లాన్సెట్’ పత్రికలో తమ సమాధానం ప్రకటించారు. జొన్నలో లూసిన్ అనే మరొక పదార్థం అధికంగా ఉంది. అది మితిమీరితే విటమిను తయారీ దెబ్బతింటుంది. లోటు ఒక్కటే కాదు, పొంతన లేని ఆధిక్యం కూడా రోగమే. తరువాత ఇతరులు చేసిన ప్రయోగాలు అన్నీ దీనిని బలపరచలేదు. వాదం చాలాకాలం నడిచింది. అయితే ప్రశ్న మాత్రం తెలంగాణ పల్లె కంచంలోనుంచి పుట్టినది. ఒక్క మాట చేర్చాలి. తప్పు జొన్నది కాదు. ప్రక్కన పప్పూ పాలూ కూరా ఉన్నవానికి జొన్నరొట్టె బలం. జొన్న తప్ప మరేమీ లేనివానికే అది రోగం.

ఈ సంగతి ఖేసరి పప్పులో మరీ తేటతెల్లమవుతుంది. కందిపప్పును పోలిన ఈ పప్పు అనావృష్టికీ అతివృష్టికీ తట్టుకొని పండుతుంది. కరవులో అందరూ దానిమీద పడతారు. నెలల తరబడి అదే ప్రధానాహారమైతే కాళ్ళు బిగుసుకుపోయి మనిషి జీవితాంతం అవిటివాడవుతాడు. సాగర్ ప్రాంతంలో వరుసగా గోధుమ పంటలు పోయి, జనం ఈ పప్పుమీద బ్రతికి, 1833 నుంచి పడుచువారు నడుము క్రిందుగా చచ్చుబడిపోయిన వైనాన్ని స్లీమన్ 1844లో అచ్చయిన తన గ్రంథంలో వ్రాశాడు. రీవా మహారాజు 1907లో తన రాజ్యంలో దీనిని నిషేధించారు. 1961లో ఆహార కల్తీ నిరోధక నియమాలలో దీని అమ్మకంపై నిషేధం చేరింది.

విషం ఏమిటన్నది మాత్రం 1964లో తేలింది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, ఆదిగ, శర్మ దానిని వేరుచేశారు. అదే సంవత్సరం ఢిల్లీలో మూర్తి, శేషాద్రి, వేంకటసుబ్రహ్మణ్యన్ కూడా దానినే పట్టుకున్నారు. అవును, ఆ శేషాద్రి గారే! ప్రత్తిపూల రంగును విప్పిన చేయి, ముప్పై ఏళ్ళ తరువాత బీదవాని పప్పులోని విషాన్ని విప్పింది. గోగుపూవు రంగు తెలుసుకొని ఎవరికి లాభం అని వాల్తేరులో ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, జవాబు రావడానికి అంతకాలం పట్టేదన్నమాట. ఆ విషం నీటిలో కరుగుతుంది. పప్పును పుష్కలమైన నీటిలో ఉడికించి ఆ నీరు పారబోస్తే చాలావరకు పోతుంది. ఎస్.ఎల్.ఎన్. రావు గారు తరువాత ఉస్మానియాలో ఆచార్యులయ్యారు. ఈ గింజలోని మేలుచేసే పదార్థాల గురించి కూడా వ్రాశారు. విషం తక్కువగా ఉండే రతన్, ప్రతీక్ వంటి విత్తనాలు వచ్చాయి. నిషేధం ఎత్తివేయవచ్చునా అన్న చర్చ 2016లో మరల లేచింది.

అయితే, చట్టమూ ఉండి, రసాయనమూ తెలిసి, కాళ్ళు ఎందుకు పడిపోతూ వచ్చాయి? రీవా, సత్నా ప్రాంతాలలో వెట్టికూలీలకు కూలి నాణేలలో ఇచ్చేవారు కారు. ఖేసరి ఎక్కువగా కలిసిన గింజలలో ఇచ్చేవారు. కూలివాడు కొనలేదు, ఎంచలేదు. కనుక అమ్మకం నిషేధించిన చట్టం అతని గుమ్మం తొక్కలేదు. పారబోయడానికి పుష్కలంగా నీళ్ళున్నా, ఉడికించడానికి రెండింతల కట్టెలు కావాలి. అతనికి చెందిన చట్టం 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. ఈ రోగానికి కారణం పరీక్షనాళికలో సగం ఉంటే, కూలి కొలిచే కుంచంలో సగం ఉంది. వైద్యుడు, రసాయనజ్ఞుడు, న్యాయవేత్త ముగ్గురూ కలిస్తే తప్ప ఆ మనిషి కాళ్ళమీద నిలబడడు.

మిగిలిన అప్పు

ఈ నాలుగు కథలలో ఒక పోలిక ఉంది. ప్రశ్న ఎప్పుడూ మన ముంగిటిలోనుంచే పుట్టింది: కచేరీలోని మృదంగం, పొలంలోని గోగు, దస్త్రంలోని జాగీరు, కంచంలోని జొన్న. జవాబు మాత్రం ఇంగ్లీషు పత్రికలో అచ్చయింది. అది తప్పు కాదు; పదిమంది పండితుల పరీక్షకు నిలబడాలంటే అక్కడికి వెళ్ళవలసిందే. తిరిగి రాకపోవడమే లోటు. మృదంగం మూసేవాని కొడుక్కు రామన్ ఏమి చెప్పాడో తెలియదు. గోంగూర కోసే ఆమెకు ఆ పూవుమీద వాల్తేరులో ఇంత పని జరిగిందని తెలియదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత పారిభాషిక పదాలు వేలకొద్దీ తయారయ్యాయి, పాఠ్యపుస్తకాలూ వచ్చాయి. పాఠం వచ్చింది కాని కథ రాలేదు. కథ లేని పాఠం పరీక్షవరకే గుర్తుంటుంది.

మాటల కొరత అనే సాకు చెల్లదు. పైన నేను వాడిన ఉపస్వరం, మూలద్రవ్యం, నిష్పత్తి, ఒడంబడిక, ఆధిక్యం వంటివి మన ఇంటి మాటలే. లూసిన్, ట్రిప్టోఫాన్ వంటివి అలాగే తీసుకున్నాను. అవి రైలు, రేడియో లాగా మన పంక్తిలో కూర్చుంటాయి. కావలసినది విషయం తెలిసినవారి ఓపిక.

మీలో రసాయనం చదివినవారున్నారు, న్యాయవాదులున్నారు, వైద్యులున్నారు, వీణ నేర్చినవారున్నారు. నావంటి భాషాపండితుడు బయటినుంచి చూచి ఇంతమాత్రం చెప్పగలిగాడు. లోపలినుంచి చూచినవారు మీ శాస్త్రంలో, మీ ఊరి వస్తువుమీద జరిగిన ఒక్క పరిశోధనను ఎంచుకొని, దాని కథను తెలుగులో వ్రాయండి. నేను చెప్పినదానిలో శాస్త్రం ఎక్కడైనా పలుచబడితే సరిదిద్దండి. శోధన అంటే శుద్ధిచేయడమే గదా.